పరుగుకు ఇంధనం ఎక్కడిది? – ప్రీబయోటిక్ పొడులు, మన మెస్ అన్నం

(పూర్వ విద్యార్థి, ఎమ్మెస్సీ జువాలజీ, వరంగల్)



వార్షికోత్సవ సంచికకు సైన్స్ వ్యాసం ఒకటి రాయమని కమిటీ తమ్ముళ్ళు అడిగినప్పుడు, ఏ అంశం మీద రాయాలా అని నేను ఎక్కువగా ఆలోచించలేదు. కానిస్టేబుల్ పరీక్షకు, అగ్నివీర్ ర్యాలీకి తయారయ్యే తమ్ముళ్ళు కనిపించినప్పుడల్లా అడిగే ప్రశ్న ఒకటే. "అన్నా, ప్రీబయోటిక్ పొడి తాగితే స్టామినా పెరుగుతదట గద, నిజమేనా?" జిమ్‌లో ఎవరో చెప్పారట. ఇంకెవరో ఫోన్‌లో వీడియో చూపించారట. ఇద్దరు ముగ్గురు కలిసి డబ్బా కొనుక్కుందామని చందాలు కూడా వేసుకుంటున్నారు.

ఈ చందాల సంగతి కొంచెం లెక్క చూడాలి. ఇంటర్ నుంచి పీజీ వరకు చదివే హాస్టల్ విద్యార్థికి నెలకు 1,500 రూపాయలుగా ఉన్న డైట్ ఛార్జీలను తెలంగాణ ప్రభుత్వం 2024 చివర్లో 2,100 రూపాయలు చేసింది. అంటే రోజుకు 70 రూపాయలు. పొద్దున టిఫిన్, మధ్యాహ్నం అన్నం, సాయంత్రం స్నాక్స్, రాత్రి భోజనం అన్నీ అందులోనే. పేరున్న కంపెనీ పొడి డబ్బా ఒకటి కొంటే ఈ నెల రోజుల తిండి ఖర్చంతా పోతుంది. ఇంటి నుంచి వచ్చే డబ్బుల్లోంచి అంత పెట్టేముందు, ఆ పొడి కడుపులోకి పోయి ఏం చేస్తుందో తెలుసుకోవడం మంచిది. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. ఇలాంటివి అడిగి తెలుసుకుందామంటే ఇంట్లో చెప్పేవారు లేక పుస్తకాల్లోనే వెతుక్కున్నాను. అలా వెతికి తెలుసుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

పేర్ల గందరగోళం

ముందు ఒక చిన్న విషయం. ప్రోటీన్, ప్రీవర్కౌట్, ప్రోబయోటిక్, ప్రీబయోటిక్ అనే నాలుగు పేర్లు చెవికి ఒకేలా వినిపిస్తాయి. షాపువాళ్ళకు కూడా ఆ గందరగోళం లాభమే. ప్రోటీన్ అంటే మాంసకృత్తులు. ప్రీవర్కౌట్ అని అమ్మే పొడిలో ముఖ్యంగా ఉండేది కెఫీన్. ఒక్కో కొలతలో 150 నుంచి 300 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. అంటే రెండు మూడు కప్పుల గట్టి కాఫీ ఒకేసారి తాగినట్టు. పరగడుపున దాన్ని తాగి ఎండలో పరుగెత్తితే గుండె దడ రావడంలో ఆశ్చర్యం లేదు. ప్రోబయోటిక్ అంటే మేలు చేసే సూక్ష్మజీవులే, బతికి ఉన్నవి. ప్రీబయోటిక్ అంటే ఆ సూక్ష్మజీవులకు మేత. మనకు అరగక పెద్ద పేగు దాకా వెళ్ళి, అక్కడ ఉన్న మంచి బ్యాక్టీరియాకు ఆహారమై, దాని ద్వారా మనకు మేలు చేసే పదార్థమన్నమాట. గిబ్సన్, రోబర్‌ఫ్రాయిడ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1995లో ఈ మాటను వాడుకలోకి తెచ్చారు. మాట కొత్తదే కాని వస్తువు పాతది. తల్లిపాలలో బిడ్డ అరిగించుకోలేని చక్కెరలు కొన్ని ఉంటాయి. అవి బిడ్డ కోసం కావు, బిడ్డ పేగులోని బ్యాక్టీరియా కోసం. మనందరం తిన్న మొదటి ప్రీబయోటిక్ అదే.

ఇక ఈ మేతకు, 1600 మీటర్ల పరుగుకు సంబంధం ఏమిటో తెలియాలంటే ముందు కండరం దేనితో నడుస్తుందో చూడాలి. ఆ కథలో ముఖ్యమైన మనిషి మన తెలుగువాడే.

భీమవరం కుర్రాడు, నీలిరంగు

ఎల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. చదువు డబ్బు ఇబ్బందుల మధ్యే సాగింది. మద్రాసు మెడికల్ కాలేజీలో చదివేటప్పుడు గాంధీగారి పిలుపు విని ఖద్దరు కోటు వేసుకున్నందుకు సర్జరీ ప్రొఫెసర్‌కు కోపం వచ్చింది. చివరికి ఎంబీబీఎస్ బదులు దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. సర్టిఫికెట్‌తో బయటపడ్డారు. తర్వాత అమెరికా వెళ్ళి, బతుకుతెరువు కోసం రాత్రిళ్ళు ఆస్పత్రిలో చిన్న పనులు చేస్తూ హార్వర్డ్‌లో చదువుకున్నారు. అక్కడ సైరస్ ఫిస్కే అనే ప్రొఫెసర్ దగ్గర బయోకెమిస్ట్రీ పరిశోధనలో చేరారు.

రక్తంలో, కండరంలో భాస్వరం ఎంత ఉందో కొలిచే సులువైన పద్ధతి వాళ్ళిద్దరూ 1925లో ప్రకటించారు. ఫాస్ఫేట్‌కు మాలిబ్డేట్ కలిపి, దానికి ఇంకో రసాయనం చేరిస్తే నీలిరంగు వస్తుంది. రంగు ఎంత ముదురుగా ఉంటే భాస్వరం అంత ఎక్కువ. ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అని లోకమంతా పిలిచేది దీన్నే. సైన్స్ విద్యార్థులు ఇప్పటికీ ల్యాబ్‌లో చేస్తారు. మా ప్రాక్టికల్స్‌లో పరీక్షనాళికలో ఆ నీలిరంగు వచ్చినప్పుడు, రికార్డులో ఆ పేరు తెలుగులో కూడా రాసుకోవాలనిపించింది.

తర్వాత జరిగింది ఇంకా ఆసక్తికరం. కండరం నుంచి తీసిన ద్రవంలో ఈ పరీక్ష చేస్తే రంగు రావలసినంత త్వరగా రాలేదు, నెమ్మదిగా ముదురుతూ పోయింది. ఇంకొకరైతే పరీక్షలో తేడా వచ్చిందని వదిలేసేవారు. వీళ్ళు మాత్రం, ఏదో అస్థిరమైన పదార్థం విడిపోతూ కొంచెం కొంచెంగా ఫాస్ఫేట్‌ను వదులుతోందని పట్టుకున్నారు. ఆ పదార్థమే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో దాన్ని ప్రకటించారు. అదే సంవత్సరం ఇంగ్లాండులో ఎగుల్టన్ దంపతులు కూడా విడిగా దాని జాడ కనిపెట్టారు. కండరాన్ని పని చేయిస్తే అది తగ్గిపోతుంది, విశ్రాంతి ఇస్తే మళ్ళీ నిండుతుంది. 1929లో ఫిస్కే, సుబ్బారావులు కండరంలో ఏటీపీ అనే అణువును కూడా వేరుచేశారు. జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా అదే ఏడు విడిగా కనిపెట్టాడు.

ఈ పనితో పాత సిద్ధాంతం ఒకటి కదిలిపోయింది. కండరం పని చేయడానికి శక్తి లాక్టిక్ ఆమ్లం తయారవడం నుంచి వస్తుందని అప్పటిదాకా అనుకునేవారు. ఆ దారిలో చేసిన పరిశోధనకు హిల్, మయర్‌హాఫ్‌లకు 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి కూడా వచ్చింది. 1930లో లండ్స్‌గార్డ్ అనే డెన్మార్క్ శాస్త్రవేత్త లాక్టిక్ ఆమ్లం తయారు కాకుండా ఆపేసినా కండరం కొంతసేపు పని చేస్తుందనీ, అప్పుడు ఖర్చయ్యేది ఫాస్ఫోక్రియాటిన్ అనీ చూపించాడు. నోబెల్ పొందిన సిద్ధాంతాన్ని కదిలించినవారిలో ఒకరైన సుబ్బారావు గారికి నోబెల్ రాలేదు. దాని మీద రాయాలంటే ఇంకో వ్యాసం కావాలి.

జిమ్ షాపుల్లో అమ్మే "క్రియాటిన్" డబ్బాలో ఉన్నది ఈ ఫాస్ఫోక్రియాటిన్ తయారీకి కావలసిన ముడిసరుకే. మన శరీరం రోజుకు దాదాపు ఒక గ్రాము సొంతంగా తయారు చేసుకుంటుంది. మాంసం, చేపలు తిన్నప్పుడు ఇంకొంత వస్తుంది. బరువులెత్తే ఆటల్లో, తక్కువ దూరం పరుగుల్లో పెద్దవాళ్ళకు అది కొంత ఉపయోగపడుతుందని చాలా పరిశోధనలే ఉన్నాయి. కాని స్కూలు, ఇంటర్ పిల్లలకు అది అవసరం లేదు. 1600 మీటర్ల పరుగుకు అంతకంటే అవసరం లేదు. ఎందుకో చూద్దాం.

శక్తి మూడు దారుల్లో వస్తుంది

కండరం నేరుగా ఖర్చు పెట్టేది ఒక్క ఏటీపీనే. అన్నం, నూనె, పప్పు అన్నీ చివరికి ఏటీపీ రూపంలోకే మారాలి. ఊరంతా ఏ పంట పండించినా బజారులో చెల్లేది రూపాయి నోటే కదా, అలాగన్నమాట. చిత్రమేమంటే కండరంలో ఈ ఏటీపీ నిల్వ ఉండేది రెండు మూడు సెకన్ల పరుగుకు సరిపడా మాత్రమే. అందుకని ఖర్చయిన మరుక్షణమే మళ్ళీ తయారు కావాలి.

మొదటి దారి ఫాస్ఫోక్రియాటిన్. చాలా వేగం, కాని పది సెకన్ల లోపే అయిపోవస్తుంది. షాట్‌పుట్ విసిరేటప్పుడు, లాంగ్‌జంప్ చేసేటప్పుడు పనికొచ్చేది ఇదే. రెండో దారి కండరంలోని గ్లైకోజన్‌ను ఆక్సిజన్ లేకుండా విడగొట్టడం. ఇదీ వేగమే, కాని ఆమ్లం పేరుకుని ఒకటి రెండు నిమిషాల్లో కాళ్ళు బిగుసుకుపోతాయి. మూడో దారి ఆక్సిజన్‌తో గ్లూకోజ్‌ను, కొవ్వును పూర్తిగా మండించడం. ఇది నెమ్మది, కాని గంటల తరబడి సాగుతుంది.

మన జిల్లా బిడ్డ దీప్తి జీవంజి పరుగు ఇక్కడ మంచి ఉదాహరణ. పర్వతగిరి మండలం కల్లెడ ఊరు, కూలి పని చేసుకునే కుటుంబం. 2024 మే నెలలో జపాన్‌లోని కోబెలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో 400 మీటర్ల టీ20 విభాగంలో 55.07 సెకన్లలో పరుగెత్తి అప్పటి ప్రపంచ రికార్డు సృష్టించింది. అదే ఏడు పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది. యాభై అయిదు సెకన్ల ఆ పరుగులో మూడు దారులూ తెరుచుకుంటాయి. మొదటి అంగల్లో ఫాస్ఫోక్రియాటిన్, తర్వాత గ్లైకోజన్, చివరి వంద మీటర్లకు వచ్చేసరికి ఆక్సిజన్ దారి కూడా బాగా అందుకుంటుంది. అందుకే 400 మీటర్లు అన్నిటికంటే కఠినమైన పరుగు అని అథ్లెట్లు అంటారు.

దీనికి పూర్తిగా అవతలి కొసన ఉన్నది కొండెక్కడం. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఇద్దరూ మన సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులే. గంటల తరబడి నెమ్మదిగా సాగే అలాంటి పనిలో దాదాపు శక్తి అంతా మూడో దారిలోనే రావాలి, కొవ్వు వాటా కూడా పెరుగుతుంది. మా అమ్మ పొద్దున సద్ది తిని నాట్లకు పోయి చీకటి పడే దాకా నడుము వంచి పని చేసేది. ఆ పనీ ఈ లెక్కలోదే. దానికి ఎవరూ పతకం ఇవ్వరు గాని, శరీరశాస్త్రం దృష్టిలో తేడా ఏమీ లేదు.

1600 మీటర్ల లెక్క

2022 నోటిఫికేషన్ ప్రకారం తెలంగాణ కానిస్టేబుల్ పరీక్షలో అబ్బాయిలు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, అమ్మాయిలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయాలి. 1600 మీటర్ల పరుగులో ఎనభై శాతానికి పైగా శక్తి ఆక్సిజన్ దారిలోనే వస్తుంది.

ఎంత శక్తి కావాలి? ఒక కిలోమీటరు పరుగుకు, ఒక కిలో శరీర బరువుకు దాదాపు ఒక కిలోకేలరీ ఖర్చవుతుందని లెక్క. 60 కిలోల మనిషి 1.6 కిలోమీటర్లు పరుగెత్తితే 60 × 1.6, అంటే 96 కిలోకేలరీలు. గ్లూకోజ్ ఒక గ్రాముకు 4 కిలోకేలరీలు ఇస్తుంది కనుక 24 గ్రాములు చాలు. వండిన అన్నంలో చెప్పాలంటే ఒక చిన్న గంటెడు.

మన ఒంట్లో నిల్వ ఎంత ఉంది? కండరాల్లో దాదాపు 400 గ్రాములు, కాలేయంలో 100 గ్రాముల దాకా గ్లైకోజన్ ఉంటుంది. మొత్తం 500 గ్రాములు, అంటే 2,000 కిలోకేలరీలు. పరీక్షకు కావలసినదానికి ఇరవై రెట్లు! రాత్రి పడుకున్నప్పుడు కాలేయంలోని నిల్వ చాలా వరకు తగ్గుతుంది కాని, కాళ్ళ కండరాల్లోది అలాగే ఉంటుంది. కనుక మూడో రౌండ్‌లో ఆగిపోయేవాళ్ళు ఇంధనం అయిపోయి ఆగడం లేదు.

ఇంధనం అయిపోయే పరుగు వేరే ఉంది, అది మారథాన్. 42 కిలోమీటర్లకు 60 కిలోల మనిషికి 2,500 కిలోకేలరీలు పైన కావాలి. 1924లో బోస్టన్ మారథాన్ పరుగెత్తినవాళ్ళ రక్తం పరీక్షిస్తే, బాగా సోలిపోయినవాళ్ళలో చక్కెర చాలా తక్కువగా కనిపించింది. మరుసటి ఏడు పరుగు మధ్యలో చాక్లెట్లు, మిఠాయిలు ఇస్తే వాళ్ళే మెరుగ్గా ముగించారు. వ్యాయామ సమయంలో పోషకాల మీద జరిగిన తొలినాటి పరిశోధనల్లో అది ఒకటి. టీవీ ప్రకటనల్లో "పరుగు మధ్యలో శక్తి" అని చూపించే డ్రింకులన్నీ ఇలాంటి గంటన్నర, రెండు గంటల పరుగుల కోసం తయారైనవి. ఏడు నిమిషాల పరుగుకు కావు.

మరి మూడో రౌండ్‌లో ఎందుకు ఆగుతారు? 1600 మీటర్లంటే 400 మీటర్ల ట్రాక్ మీద నాలుగు రౌండ్లు. 7 నిమిషాల 15 సెకన్లను నాలుగుతో భాగిస్తే రౌండుకు 1 నిమిషం 48 సెకన్లు. మొదటి రౌండ్ ఉత్సాహంలో 1 నిమిషం 20 సెకన్లలో పరుగెత్తినవాడు రెండో దారి మీద ఎక్కువగా ఆధారపడ్డాడన్నమాట. ఆమ్లం అప్పుడే పేరుకుంది. ఇక గుండె, ఊపిరితిత్తులు ఎంత ఆక్సిజన్ అందించినా ఆ అప్పు తీరేలోపు పరీక్ష అయిపోతుంది. దీనికి విరుగుడు సమానమైన వేగం, నెలల తరబడి సాధన. సాధనతో గుండె ఒక్కో స్పందనకు తోసే రక్తం పెరుగుతుంది, కండరంలో సన్నని రక్తనాళాలు, ఆక్సిజన్‌ను వాడుకునే మైటోకాండ్రియా పెరుగుతాయి. ఈ పెరుగుదలకు పొడి లేదు.

పెద్ద పేగులో ఏం జరుగుతుంది

ఇప్పుడు ప్రీబయోటిక్ దగ్గరికి వద్దాం. డబ్బా మీద ఇన్యులిన్, ఎఫ్.ఓ.ఎస్., జి.ఓ.ఎస్. అని రాసి ఉంటుంది. ఇన్యులిన్‌ను ఎక్కువగా చికోరీ అనే మొక్క వేరు నుంచి తీస్తారు. కాఫీపొడిలో కలిపే చికోరీ అదే. ఇవన్నీ కూడా చక్కెర అణువుల గొలుసులే, కాని ఆ గొలుసును తెంపే ఎంజైములు మన చిన్నపేగులో లేవు. అందుకని చెక్కుచెదరకుండా పెద్ద పేగుకు చేరతాయి. అక్కడ బ్యాక్టీరియా వాటిని పులియబెట్టి ఎసిటేట్, ప్రొపియొనేట్, బ్యుటిరేట్ అనే చిన్న కొవ్వు ఆమ్లాలు తయారు చేస్తాయి. బ్యుటిరేట్‌ను పెద్ద పేగు గోడ కణాలే తినేస్తాయి. వాటికి ముఖ్యమైన ఇంధనం అదే. ప్రొపియొనేట్ కాలేయానికి వెళుతుంది. ఎసిటేట్ రక్తంలో కలిసి కండరాల దాకా చేరుతుంది.

అంటే కండరానికి కొంత శక్తి చేరుతున్న మాట నిజమే. ఎంత? పీచు ఒక గ్రాముకు ఇలా దక్కేది దాదాపు 2 కిలోకేలరీలు. పది గ్రాముల పొడి తాగితే 20 కిలోకేలరీలు. అదీ వెంటనే కాదు, పెద్ద పేగుకు చేరి పులియడానికి గంటలు పడుతుంది. పొద్దున 5 గంటలకు తాగిన పొడి 6 గంటల పరుగుకు ఇచ్చే శక్తి సున్నా అనుకోవచ్చు.

పైగా నష్టం ఉంది. గట్టిగా పరుగెత్తేటప్పుడు గుండె రక్తాన్ని కాళ్ళ వైపు మళ్ళిస్తుంది, పేగులకు వెళ్ళే రక్తం బాగా తగ్గిపోతుంది. అప్పుడు పేగులో పులుస్తూ గ్యాస్ తయారయ్యే పదార్థం ఉంటే కడుపు ఉబ్బరం, పోట్లు, కొందరికి విరేచనాలు. పరీక్ష రోజు పొడి తాగిపోయి రెండో రౌండ్‌లో డొక్క పట్టుకుని పక్కకు తప్పుకుంటే, ఆ ఏడాదంతా చేసిన సాధన పోయినట్టే.

స్టామినా మాట ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పాలి, ఎందుకంటే అది పూర్తిగా గాలి మాట కాదు. 2019లో అమెరికా శాస్త్రవేత్తలు బోస్టన్ మారథాన్ పరుగెత్తినవాళ్ళ పేగుల్లో పరుగు తర్వాత వెయిలొనెల్లా అనే బ్యాక్టీరియా పెరిగిందని చూశారు. అది లాక్టేట్‌ను తిని ప్రొపియొనేట్‌ను తయారు చేస్తుంది. దాన్ని ఎలుకలకు ఎక్కిస్తే అవి ట్రెడ్‌మిల్ మీద 13 శాతం ఎక్కువసేపు పరుగెత్తాయి. మంచి పరిశోధనే. కాని పరుగెత్తింది ఎలుకలు, ఇచ్చింది బ్యాక్టీరియా. మన షాపులో అమ్మేది ఆ బ్యాక్టీరియా కాదు, చికోరీ వేరు పొడి. ఈ రెంటికీ మధ్య ఉన్న దూరాన్ని ప్రకటన చేసేవాళ్ళు ఒక్క వాక్యంలో దాటేస్తున్నారు.

ప్రీబయోటిక్ వల్ల మేలు లేదని నా ఉద్దేశం కాదు. రోజూ తింటే మలబద్ధకం తగ్గుతుంది, పేగు గోడ ఆరోగ్యంగా ఉంటుంది. ఎదిగే వయసు పిల్లల్లో కాల్షియం కొంచెం ఎక్కువ ఒంటికి పడుతుందని కూడా తేలింది. అది నెలల మీద, సంవత్సరాల మీద వచ్చే ఆరోగ్యం. పెద్దలకు రోజుకు కనీసం 25 గ్రాముల పీచు సహజమైన ఆహారం నుంచే రావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. ఆ సహజమైన ఆహారం మనకు కొత్త కాదు.

మెస్‌లో, ఇంట్లో ఉన్నవి

ఉల్లిగడ్డలో వంద గ్రాములకు 2 నుంచి 6 గ్రాముల దాకా ఇన్యులిన్ జాతి పీచు ఉంటుంది. ఎల్లిపాయలో ఇంకా ఎక్కువ, 9 నుంచి 16 గ్రాముల దాకా. డబ్బా పొడి ఒక చెంచాలో ఉండేది మూడు నుంచి అయిదు గ్రాములు. మధ్యాహ్నం అన్నంలో ఒక పచ్చి ఉల్లిగడ్డ నంజుకుంటే, పప్పులో ఎల్లిపాయ పోపు పడితే ఆ చెంచాకు దగ్గరికి వచ్చినట్టే.

పప్పుల సంగతి ఇంకా తమాషా. "బబ్బెర్లు, శనగలు తింటే గ్యాస్ వస్తది" అని మనం వాటిని పక్కన పెడతాం. ఆ గ్యాస్‌కు కారణం రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలు. అవి కూడా బ్యాక్టీరియా మేతే! డబ్బాలో జి.ఓ.ఎస్. పేరుతో అమ్మేవి వీటికి దగ్గరి చుట్టాలు. ప్లేటులో ఉన్నప్పుడు పనికిరానిదీ, డబ్బాలో ఉన్నప్పుడు విలువైనదీ ఎలా అయింది? రాత్రి నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి ఉడికిస్తే గ్యాస్ తగ్గుతుంది. కొంచెం కొంచెంగా అలవాటు చేసుకుంటే పేగు కూడా సర్దుకుంటుంది.

జొన్న గట్క, మక్క గట్క, అరటికాయ కూర కూడా ఈ లెక్కలోవే. వండి చల్లారిన అన్నంలో కొంత పిండి గట్టిపడి, చిన్నపేగులో అరగకుండా పోయే రూపంలోకి మారుతుంది. కనుక మన సద్దికి సైన్స్‌లో కొంత ఆధారం ఉంది. కొంతే సుమా, సద్దిని సర్వరోగ నివారిణి అని రాసేవాళ్ళతో నేను ఏకీభవించను. పైగా వండిన అన్నాన్ని గంటల తరబడి గోరువెచ్చగా మూత పెట్టి ఉంచితే చెడు బ్యాక్టీరియా పెరిగి వాంతులవుతాయి. మజ్జిగ పోసి పులియబెట్టిన సద్ది వేరు, మధ్యాహ్నం మిగిలిపోయి వాసన వచ్చే అన్నం వేరు.

ఇక మాంసకృత్తుల పొడి. పెద్దవాళ్ళకు రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలని మన దేశపు సిఫారసు. సాధన చేసేవాళ్ళకు కొంత ఎక్కువే కావాలి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో ఒకే ఒక్క గదిలో మొదలై, 1958లో మన దగ్గరికి వచ్చింది. ఆ సంస్థ 2024 మేలో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో కండలు పెంచుకోవడానికి ప్రోటీన్ సప్లిమెంట్లు వాడవద్దని స్పష్టంగా చెప్పింది. మూడు వంతుల బియ్యమో జొన్నలో, ఒక వంతు పప్పు కలిపి తింటే రెండిటిలోని లోటు ఒకదానితో ఒకటి భర్తీ అవుతుందని కూడా చెప్పింది. మన పళ్ళెంలో బియ్యం వాటా ఎప్పుడూ ఎక్కువే, పప్పు నీళ్ళలా ఉంటుంది. మెస్ కమిటీ పట్టుకోవలసింది దాన్ని. అదే ఏడు కేరళ వైద్యులు మార్కెట్లోని 36 ప్రోటీన్ పొడులను పరీక్షిస్తే దాదాపు 70 శాతం డబ్బాల మీద రాసిన ప్రోటీన్ లెక్క సరిగా లేదని తేలింది. కోడిగుడ్డు మీద లేబుల్ ఉండదు, అందులోని 6 గ్రాముల ప్రోటీన్ ఎక్కడికీ పోదు.

అసలు కొరత

పొడి గురించి ఇంత మాట్లాడుకుంటున్నాం గాని, పరుగును నిజంగా ఆపే లోటు గురించి మనం మాట్లాడం. 1600 మీటర్లకైనా, 800 మీటర్లకైనా ముఖ్యం ఆక్సిజన్ అని చూశాం. దాన్ని మోసేది రక్తంలోని హిమోగ్లోబిన్, దానికి కావలసింది ఇనుము. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. నూటికి యాభై ఏడు మంది! బాలికల హాస్టల్ చెల్లెళ్ళు "నాకు దమ్ము లేదు, పరుగు నా వల్ల కాదు" అనుకునేముందు ఒకసారి రక్తపరీక్ష చేయించుకోవాలి. అది దమ్ము లేకపోవడం కాదు, ఇనుము లేకపోవడం కావచ్చు. ప్రభుత్వ ఆస్పత్రిలో ఆ పరీక్ష ఉచితమే.

వారానికి ఒకసారి ఇచ్చే నీలిరంగు మాత్ర ఇందుకే. ఆకుపచ్చ పురుగు మందు వాసన వస్తుందనో, కడుపులో తిప్పుతుందనో దాన్ని దిండు కింద పెట్టేవాళ్ళు ఉన్నారని నాకు తెలుసు. పరగడుపున కాకుండా తిన్న తర్వాత వేసుకుంటే తిప్పడం తగ్గుతుంది. ఆ మాత్రలో ఇనుముతో పాటు ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. దాన్ని ప్రయోగశాలలో తయారు చేసే దారి 1940ల్లో కనిపెట్టింది లెడర్లీ కంపెనీలోని ఒక పరిశోధక బృందం. ఆ పరిశోధనలకు నాయకత్వం వహించింది మళ్ళీ మన ఎల్లాప్రగడ సుబ్బారావు గారే. తిండిలోని ఇనుము ఒంటికి పట్టాలంటే తోటకూర పప్పులో నిమ్మకాయ పిండుకోవాలి, లేదా అన్నం తిన్నాక జామకాయ తినాలి. అన్నం తిన్న వెంటనే చాయ్ తాగితే ఇనుము ఒంటికి పట్టదు, గంట ఆగి తాగండి.

గ్రౌండ్ రోజు

ముందు రోజు రాత్రి మామూలు భోజనమే, కాని శనగలు, బబ్బెర్లు, పచ్చి ఉల్లిగడ్డ ఆ పూటకు మానేయండి. పైన అంతసేపు వాటిని మెచ్చుకున్నాను గాని, పరుగుకు ముందు పూట మాత్రం అవి వద్దు. పొద్దున పరుగుకు ఒకటిన్నర, రెండు గంటల ముందు ఒకటి రెండు అరటిపండ్లు, లేదా రెండు ఇడ్లీలు చాలు. నీళ్ళు ఒకేసారి చెంబెడు కాకుండా కొంచెం కొంచెంగా తాగాలి. ఆ రోజు కొత్తదేదీ నోట్లో పెట్టకండి, స్నేహితుడు ఇచ్చినా సరే. ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం, ఒళ్ళు కాలిపోతూ తికమకగా ఉండడం వంటివి కనిపిస్తే పరుగు ఆపి నీడకు రావాలి. నోటిఫికేషన్ మళ్ళీ వస్తుంది.

పరుగు తర్వాత గంట లోపు కండరం గ్లూకోజ్‌ను బాగా పీల్చుకుంటుంది. ఆ సమయంలో ఇన్సులిన్ సాయం లేకుండానే కండరం తలుపులు తెరుచుకుని ఉంటాయి. ఖర్చయిన గ్లైకోజన్ త్వరగా నిండేది అప్పుడే. సాధన చేసే రోజుల్లో ఆ గంటలో అన్నమో, ఉప్మానో, దానితో పాటు గుడ్డో పప్పో పడాలి. మన దగ్గర జరుగుతున్నది ఏమిటంటే, గ్రౌండ్ నుంచి తమ్ముళ్ళు వచ్చేసరికి టిఫిన్ అయిపోయి గిన్నెలు కడుగుతుంటారు. మధ్యాహ్నం దాకా ఖాళీ కడుపే. అప్పుడు ఎవరో వచ్చి డబ్బా చూపిస్తే ఆశ పుట్టడం సహజం.

కనుక మెస్ కమిటీకి, వార్డెన్ సార్లకు, మేడమ్‌లకు ఒక మనవి. పొద్దున గ్రౌండ్‌కు పోయేవాళ్ళ పేర్లు ముందు రోజు రాత్రే బోర్డు మీద రాసి, వాళ్ళ వాటా టిఫిన్ మూత పెట్టి పక్కన ఉంచే ఏర్పాటు చేయండి. వారానికి మూడు రోజులు రాత్రి శనగలు నానబెట్టి, మరునాడు సాయంత్రం స్నాక్స్‌లో ఉడికించి ఇవ్వండి. డబ్బా కోసం వేసుకున్న చందా ఇంకా ఖర్చు పెట్టని తమ్ముళ్ళు అదే డబ్బుతో ఒక మంచి స్టాప్‌వాచ్, ఇద్దరికొకటి చొప్పున బూట్లు కొనుక్కోవచ్చు. రౌండుకు 1 నిమిషం 48 సెకన్లు పట్టించడం నేర్పడానికి ఆదివారం పొద్దున నేను గ్రౌండ్‌కు వస్తాను.